అంచు బంటు

ఆట సగానికొచ్చిందని మేనేజరు అంటున్నాడు గానీ, ఇంతవరకూ రెండు వైపులా ఒక్క బంటు కూడా చావలేదు. ఆయన భయమంతా అదే.

"యుద్ధమన్నాక ఎవరో ఒకరు చావాలి కదా," అన్నాడు సోమవారం సాయంత్రం, తన గదిలో బల్ల మీద పరిచిన చదరంగాన్ని చూస్తూ. "మనవాళ్ళు మన వైపే, ఆయన వాళ్ళు ఆయన వైపే. పక్కపక్క ఇళ్ళవాళ్ళు మాటల్లేక తలుపులేసుకు కూర్చున్నట్టుంది. ఇదేం ఆట?"

ముల్లక్క గుమ్మం దగ్గరే నిలబడింది. చేతులకున్న తోలు తొడుగులు తీసి మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది. ఆ తూకం యంత్రాల ఫ్యాక్టరీలో కాటా ముల్లును సరిగ్గా మధ్యకు తెచ్చి సీలు వేయడం ఆమె పని. అందుకే ఆ పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా బతికి లేదు.

ఆ చదరంగం మేనేజరుకూ, హెడ్డాఫీసు డైరెక్టరుకూ మధ్య ఉత్తరాల మీద నడుస్తున్న ఆట. రోజూ సాయంత్రం హెడ్డాఫీసు వ్యానులో ఒక కార్డు వస్తుంది. దాని మీద డైరెక్టరుగారి ఎత్తు ఒకటి, కింద సంతకం. పొద్దున్నే అదే వ్యానులో జవాబు వెళ్తుంది. ఏదో మీటింగులో డైరెక్టరు "మీలో చదరంగం వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగితే, మన మేనేజరు అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. చెయ్యి దించాక గుర్తొచ్చింది, తనకు గుర్రం వంకరగా పోతుందని తప్ప ఇంకేమీ తెలియదని. తిరిగొచ్చిన మర్నాడు, మధ్యాహ్నం విరామంలో పనికిరాని తూకపు రాళ్ళను పెట్టె మూత మీద గళ్ళలో పేర్చుకుని తనతో తనే ఆడుకుంటున్న ముల్లక్క ఆయన కంటపడింది. అప్పటినుంచి సంతకం ఆయనది, బుర్ర ఆమెది.

"డైరెక్టరుగారు ఫోన్ చేశారు," అన్నాడు మేనేజరు. గొంతు తగ్గింది. "భయస్తుడిలా ఆడుతున్నారేమయ్యా అన్నారు. శనివారం ఆయనే వస్తున్నారు. మీ చేతిపని సెక్షను ఉంచాలా, ఎత్తేసి మెషిను పెట్టించాలా అన్నది చూడ్డానికి. ఎవరి బల్ల ఉంటుందో ఎవరిది పోతుందో ఆయన నోటి మాట మీద ఉంది."

ముల్లక్క మడత పెట్టిన తొడుగులు మళ్ళీ విప్పింది.

"కాబట్టి విను. నేను గెలిస్తే ఆయనకి కోపం. చచ్చు చచ్చుగా ఓడిపోతే నేను చవటని. బాగా పోరాడి ఓడిపోవాలి. శనివారం లోపల అయిపోవాలి. సరిగ్గా చేశావా, నీ బల్ల నీకుంటుంది."

"ఆయన మీదికి రావట్లేదు సార్. రాకపోతే నేనెలా ఓడిపోను?"

"అది నన్నడుగుతావేంటి?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆ రోజు కార్డు మీద ఉన్న ఎత్తు, ఏనుగు ఒక గడి పక్కకు. అంతకుముందు రోజుదీ అలాంటిదే. ముల్లక్క దాన్ని కళ్ళతో ఒకటికి రెండుసార్లు చదివి, బొమ్మల అమరిక మొత్తం తలలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో ఆ తల బరువు దింపుకునే చోటు అత్తగారి మంచం. ముల్లక్కకు చదరంగం నేర్పింది అత్తగారే. పాత గుడ్డముక్కలు ఒకటి నల్లది, ఒకటి తెల్లది అతికి కుట్టిన గళ్ళ గుడ్డ ఒకటుంది ఆవిడ దగ్గర. అత్తాకోడళ్ళ మధ్య రావలసిన పోట్లాటలన్నీ ఇన్నేళ్ళుగా ఆ గుడ్డ మీదే జరిగిపోయాయి. వంటింట్లోకి ఏమీ మిగల్లేదు.

ముల్లక్క బొమ్మలు పేర్చి సంగతి చెప్పింది. గిన్నెలు తుడుస్తున్న భర్త చెయ్యి ఆగిపోయింది. ఆయన బస్సు డ్రైవరు. చూపు పరీక్షలో తప్పాక స్టీరింగు వదిలి ఇంట్లో ఉంటున్నాడు. ఇప్పుడు ముగ్గురూ ఫ్యాక్టరీలో ముల్లక్క బల్ల మీదే ఆనుకుని ఉన్నారు. ఆ మాట ఎవరూ పైకి అనరు.

"ఓడిపోవడమేగా, దానిదేముంది?" అన్నాడాయన తేలిగ్గా అనబోయి. "నేను రోజూ మా అమ్మ దగ్గర ఓడిపోతూనే ఉన్నాను."

"నువ్వు ఓడిపోవడం వేరు, నీకు రాదు," అంది అత్తగారు. "వచ్చినవాళ్ళు ఓడిపోవాలంటే కష్టం. అవతలివాడు సాయం చెయ్యాలి. అమ్మాయ్, అతగాడి గుర్రం ఎక్కడుంది?"

గుర్రం ముందుకొచ్చి నిలబడి ఉంది. ముల్లక్క తన రాజు ముందున్న బంటును ఆ గుర్రం నోటికందే గడిలోకి నెట్టింది. దానికి కాపలా ఎవరూ లేరు. దారినపోయేవాడెవడైనా తీసుకుంటాడు.

"తింటాడు," అంది అత్తగారు. "తిన్నాక మిగతాది వరసగా కూలుతుంది. పడుకో."

ముల్లక్క పడుకుంది గానీ కన్ను మూతపడలేదు. పక్కన భర్తకూ నిద్రపట్టలేదని ఆయన గురక పెట్టకపోవడమే చెప్పింది.

మంగళవారం పొద్దున మేనేజరు ఎప్పట్లాగే ఖాళీ కార్డు కింద సంతకం చేసి ఆమె ముందుకు తోశాడు. ఆయన పద్ధతి అది. ముందు సంతకం, తర్వాత ఆమె పైన ఎత్తు రాయాలి. ఏం రాసిందో చదివితే అర్థమవదు కాబట్టి చదవడు. సాయంత్రం ఆమె చెబితే, ఆ ప్రకారం తన బల్ల మీది బొమ్మ జరుపుకుంటాడు.

కార్డు వ్యానెక్కింది. ఆ రోజంతా ముల్లక్క చేతులు పనిలో ఉన్నాయి, ప్రాణం వ్యానులో ఉంది. కాటాను బల్ల మీద పెట్టి, గాజుగొట్టంలో నీటిబుడగ మధ్యకొచ్చేదాకా కాళ్ళ మరలు తిప్పాలి. తోలు తొడుగులు వేసుకునే రాళ్ళు పట్టుకోవాలి, వేలి చెమట కూడా రాయికి బరువే. ఎడమ తట్టలో ఒకటి, కుడి తట్టలో ఒకటి. ముల్లు ఊగి ఊగి ఆగాలి. రాళ్ళు తట్టలు మార్చి మళ్ళీ చూడాలి. తేడా ఉంటే తట్ట అడుగున్న గుంతలో ఆవగింజంత సీసపు గుండు వేయాలి. ఆ తర్వాతే తీగ చుట్టి సీలు నొక్కాలి. ఇదంతా ఆమె కళ్ళు మూసుకుని చేయగలదు. ఆ రోజు దాదాపు కళ్ళు మూసుకునే చేసింది. సీలు నొక్కేశాక చూస్తే ముల్లు వెంట్రుకవాసి పక్కకు నిలబడి ఉంది.

ఆమె చేతిలోంచి అలాంటి కాటా ఎప్పుడూ బయటికి పోలేదు. అటూ ఇటూ చూసి, కత్తెర తీసి సీలు తెంపింది. ఆ చిన్న చప్పుడు షెడ్డంతా విన్నట్టే అనిపించింది. ఎవరూ తలెత్తలేదు. మళ్ళీ మొదటినుంచీ సరిచేసి, కొత్త సీలు వేసి, తెగిన సీసపు ముక్కను జేబులో దాచుకుంది. మెషిను అయితే ఇలా భయపడదు కదా అని మొదటిసారి అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

సాయంత్రం మేనేజరు కార్డు పట్టుకుని గుమ్మంలోకే వచ్చాడు. "తిన్నాడా?"

ముల్లక్క చదివింది. మళ్ళీ చదివింది. "లేదు సార్. గుర్రం వెనక్కి వెళ్ళిపోయింది. మొదట ఉన్న గడిలోకి, ఇంటికి."

"అంటే?" మేనేజరు మొహంలో రంగు దిగిపోయింది. "మనం గెలుస్తున్నామా?"

ఆ రాత్రి భోజనాల దగ్గర ముల్లక్క కంచంలో అన్నం కెలుకుతూనే ఉంది. చేతిలోకి వచ్చిన బంటును వద్దని వెనక్కి తిరిగిపోయేవాడు ఎంత గట్టివాడై ఉండాలి? తనకు కనపడనిదేదో ఆయనకు కనపడింది. బంటు ఎందుకు పెట్టిందో, ఎవరు పెట్టించారో, అసలు పెట్టింది ఎవరో కూడా తెలిసిపోయి ఉంటుంది. శనివారం వచ్చి నలుగురిలో అడుగుతాడు. మేనేజరు ఆమె వైపు వేలు చూపిస్తాడు. అంతే.

అత్తగారు గళ్ళ గుడ్డ మీద అవతలి గుర్రాన్ని దాని ఇంటికి జరిపింది.

"అమ్మాయ్, ఈ ఆటలో ఇతగాడి మొట్టమొదటి ఎత్తేంటన్నావు?"

"అంచు బంటు, ఒక గడి."

"ఆయన దూకుడు మనిషని కదా మీ మేనేజరు చెప్పాడు. దూకుడుగా ఉండేవాళ్ళు మధ్య బంటు తోస్తారు, రెండు గళ్ళు. అంచు బంటు ఎవరు కదుపుతారు? తలుపు కాస్త తీసి, సందులోంచి ఎవరొచ్చారో చూసేవాళ్ళు. నువ్వేం కదిపావు?"

"నేనూ అంచు బంటే, అత్తయ్యా."

"ఆఁ." అత్తగారు గుర్రాన్ని వేలితో తట్టింది. "ఇతను ఆకలి లేక తినడం మానలేదు. తింటే ఏమవుతుందోనని మానేశాడు. ఇది పెద్దాయన చెయ్యి కాదు. నీలాంటిదే ఇంకో చెయ్యి."

ముల్లక్క ఆవిడ మొహంలోకి చూసింది. నవ్వుతోందేమోనని. నవ్వడం లేదు.

"అయితే ఎలా తెలుస్తుంది?"

"నీ గుర్రాన్ని కూడా ఇంటికి పంపు. అతను పెద్దాయనే అయితే బంటు తినడమో, మీదికి రావడమో చేస్తాడు. నీలాంటివాడే అయితే..."

"వద్దు," అన్నాడు భర్త గోడ దగ్గరనుంచి. "వెక్కిరిస్తున్నారనుకుంటాడు. చెప్పినట్టు ఓడిపోక ఇవన్నీ ఎందుకు నీకు? ఓడిపో, చాలు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. బుధవారం పొద్దున సంతకం చేసిన కార్డు ముందుకొచ్చినప్పుడు పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది. మేనేజరు ఫోనులో ఎవరితోనో, శనివారం భోజనాల హాలులో కుర్చీలు ఎలా వేయాలో చెబుతున్నాడు. ఆమె రాసేసింది. గుర్రం, ఇంటికి.

బుధవారం సాయంత్రం వచ్చిన కార్డు మీద ఒకే ముక్క. గుర్రం, బయటికి. మొన్న నిలబడ్డ గడిలోకే. ఆమె బంటు ఇంకా ఆ గుర్రం నోటి ముందే ఉంది.

గురువారం పొద్దున ముల్లక్క కూడా తన గుర్రాన్ని బయటికి తెచ్చింది. మంగళవారం ఎలా ఉందో ఆట మళ్ళీ అలాగే నిలబడింది. ఇప్పుడైనా తినాలనుకుంటే తినొచ్చు. ఆ సాయంత్రం వ్యాను ఆలస్యమైంది. షెడ్డులో దీపాలు ఆర్పేస్తుంటే ఆమె తన బల్ల దగ్గరే, తుడిచిన రాళ్ళనే తుడుస్తూ కూర్చుంది. కార్డు వచ్చింది. గుర్రం, ఇంటికి.

ఆమెకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఎక్కడో ఎవరో, తనలాగే వెనకనుంచి ఎవరో తోస్తుంటే, కార్డు మీద ఈ ఒక్క ముక్క రాసి పంపుతున్నారు. భయం పోలేదు. కానీ ఇన్నాళ్ళూ ఒక్కతే మోసిన బరువు, రెండో తట్టలో కూడా అంతే ఉందని తెలిసింది.

శుక్రవారం పొద్దున ఆమె గుర్రమూ ఇంటికి వెళ్ళింది. ఆ సాయంత్రం మేనేజరు కబురు పెట్టాడు. ఆయన చదరంగం ముందు వంగి, ముక్కు దాదాపు బొమ్మలకు తగిలేలా చూస్తున్నాడు.

"ఇది బుధవారం ఉన్నట్టే ఉంది కదూ?"

ఆట రాని మనిషికి అది కనపడుతుందని ముల్లక్క అనుకోలేదు. భయపడేవాళ్ళకు అన్నీ కనపడతాయని మరిచిపోయింది.

"నా ఉద్యోగంతో ఆడుకుంటున్నావా? అటు నడిచి ఇటు నడిచి, వారమంతా గుర్రాల్ని వాహ్యాళికి తిప్పావా?" అరవలేదు, అరిస్తే బయటికి వినపడుతుంది. పళ్ళ బిగువున అన్నాడు. "రేపు ఆయన ముందు, ఈ చేతిపని సెక్షను దండగ అని నేనే చెప్తాను. మొదట నీ బల్లే ఎత్తిస్తాను. లేదా చెప్పినట్టు చెయ్. రేపు అందరి ముందు చివరి ఎత్తు నేనే వేస్తాను. మంత్రిని ఎక్కడ పెడితే చస్తుంది?"

ఆమె చూపించింది. ఆయన ఆ గడిని పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి గుర్తు పెట్టుకున్నాడు. తర్వాత కార్డు ఆమె మీదికి విసిరాడు. అది అప్పటిదాకా ఎవరూ చదవలేదు. ఆమె తీసి చదివింది.

"గుర్రం బయటికి. మీ గుర్రమూ బయటికి వస్తే, ఒకే స్థితి మూడోసారి. అప్పుడు ఆట సమానం."

గెలుపు లేదు, ఓటమి లేదు. ఇద్దరు భయస్తులు నిలబడేంత చోటు అది. ఇంటికెళ్ళి చెప్పింది. అత్తగారు ఈసారి, ఇలా చెయ్యి అని చెప్పలేదు. "రేపటి సంగతి రేపు నీ చెయ్యే చూసుకుంటుంది" అని గళ్ళ గుడ్డ మడిచేసింది.

శనివారం పొద్దున మేనేజరు అలవాటు కొద్దీ ఖాళీ కార్డు కింద సంతకం పెట్టి, పెట్టాక గుర్తొచ్చి, "ఇవాళ ఇది అక్కర్లేదు" అన్నాడు. బయట కారు చప్పుడైంది. ఆయన చొక్కా సర్దుకుంటూ పరుగెత్తాడు. కార్డు బల్ల మీదే ఉంది. ముల్లక్క దాన్ని తీసుకుని తన చోటికి వెళ్ళి, కాటా పక్కన పెట్టుకుని రాసింది. రాశాక జేబులో పెట్టుకుంది.

భోజనాల హాలు నిండిపోయింది. మధ్యలో మేజా, దాని మీద మేనేజరు గదిలోంచి తెచ్చిన చదరంగం. డైరెక్టరు భారీ మనిషి, కంఠం కూడా భారీయే. ఆయన వెనక ఒక బక్కపలచని స్టెనో, భుజాలు దాటి జారే కోటు వేసుకుని, ఫైలును గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. ముల్లక్క చూపు ఆయన మొహం దాకా పోలేదు. చేతుల దగ్గరే ఆగింది. వేళ్ళు ఫైలు అంచును నొక్కి నొక్కి తెల్లబడ్డాయి.

"కానివ్వండి మేనేజరుగారూ, మీ ఎత్తే," అన్నాడు డైరెక్టరు. అని జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. హాలులో అంత ఉక్కపోత ఏమీ లేదు.

మేనేజరు మంత్రిని ఎత్తాడు. ఎత్తాక పెన్సిలు చుక్క కోసం వెతికాడు. ఎవరో పుణ్యాత్ములు పొద్దున్నే గళ్ళపలకను తళతళలాడేలా తుడిచి పెట్టారు. చుక్క లేదు. మంత్రి గాల్లో నిలిచిపోయింది. క్షణాలు గడుస్తున్నాయి. వెనక వరసలో ఎవరో దగ్గారు. మేనేజరు డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు తిరిగి చూశాడు. ఆ చూపులో ఏముందో ముల్లక్కకు ఒక్కసారిగా అర్థమైంది. మేనేజరు ఆ బొమ్మను ఎక్కడో ఒకచోట పెడితే, తర్వాతి ఎత్తు ఈ జనం ముందు డైరెక్టరు తన చేత్తో వేయాలి. ఆయనకూ రాదు. ఎదురెదురుగా కూర్చున్న ఆ ఇద్దరు పెద్దమనుషులకూ ముచ్చెమటలు పోస్తున్నాయి.

"అయ్యా," అన్నాడు స్టెనో. పీలగొంతు. "ఇది ఉత్తరాల ఆట. చేత్తో ముట్టుకున్నది లెక్కలోకి రాదు. రాసి సంతకం చేసిందే ఎత్తు. ఇవాళ్టి కార్డు ఎవరి దగ్గరైనా..."

అంటూనే ఆయన కళ్ళు హాలంతా తిరిగాయి. భయంభయంగా, తలుపు సందులోంచి చూసినట్టు. తోలు తొడుగులు వేసుకున్న చేతుల మీద ఆగాయి.

ముల్లక్క ముందుకొచ్చింది. మేజా ఎంతో దూరంలో ఉన్నట్టనిపించింది. కార్డు తీసి డైరెక్టరు ముందు పెట్టింది.

ఆయన చదివాడు. ఇన్నాళ్ళుగా తనకొచ్చే కార్డుల మీది చేతిరాత అది. కార్డు చూశాడు, ఆమె తొడుగులు చూశాడు, తలతిప్పి తన స్టెనోను చూశాడు. అయిపోయింది, ఇప్పుడే, ఇక్కడే అనుకుంది ముల్లక్క.

డైరెక్టరు గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. "గుర్రం బయటికి. మూడోసారి. ఆట సమానం," అని పైకి చదివాడు. "భలే ఆడారండీ మేనేజరుగారూ."

చప్పట్లు కొట్టారు. మేనేజరు మంత్రిని నెమ్మదిగా, పగిలేదేదో దించినట్టు, దాని చోట దాన్ని పెట్టాడు.

"సార్, ఇంకో ఆట ఇక్కడే వెయ్యండి, మేమూ చూస్తాం," అన్నారెవరో వెనకనుంచి ఉత్సాహంగా.

"వద్దు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

డైరెక్టరే ముందు తేరుకున్నాడు. "చదరంగం మజా ఉత్తరాల్లోనే ఉంది. సోమవారం నుంచి మళ్ళీ మొదలెడదాం. ఈసారి మొదటి ఎత్తు మీది." లేచి, కోటు సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "ఆ మెషిను సంగతి... తొందరేముంది. ఈ కొత్త ఆట అయ్యాక చూద్దాం."

షెడ్డు చూడటానికి వచ్చినప్పుడు పెద్దవాళ్ళిద్దరూ ముందు నడిచారు, గట్టిగట్టిగా మాట్లాడుకుంటూ. స్టెనో వెనకపడ్డాడు. ముల్లక్క బల్ల దగ్గర ఆగి, పెట్టె మూత మీదున్న గళ్ళను చూశాడు.

"మీ మొదటి ఎత్తు చూడగానే అనుకున్నాను," అన్నాడు మెల్లగా. "మేనేజర్లు అంచు బంటు కదపరు."

"డైరెక్టర్లూ కదపరండి," అంది ముల్లక్క.

ఆయన పెదవులు నవ్వబోయి, అటు ఒకసారి చూసుకుని ఆగాయి. "మా డైరెక్టరుగారు గెలవమన్నారు. గెలిస్తే ఇక్కడ ఎవరి కొంపో మునిగేలా ఉంది. గెలవకపోతే నాది. నిద్రపోయి ఎన్నాళ్ళైందో." ఫైలు మళ్ళీ గుండెకు హత్తుకున్నాడు. "ఆట అయ్యాక మెషిను అన్నారు. విన్నారా?"

"విన్నానండి."

"మీరు ఎంతకాలం ఆడగలరు?"

ముల్లక్క ఆలోచించింది. "మా అత్తయ్యా నేనూ ఒక ఆట వానాకాలం మొదట్లో వేసి చలికాలం దాకా లాగాం."

ముందునుంచి పిలుపొచ్చింది. ఆయన దాదాపు పరుగెత్తాడు.

సోమవారం పొద్దున ముల్లక్క బల్ల మీద ఒక కాటా ఉంది. నీటిబుడగ మధ్యలో ఉంది, ముల్లు ఇంకా ఊగుతోంది. మేనేజరు వచ్చి నిలబడ్డాడు. తన గదికి పిలిపించలేదు, తనే వచ్చాడు. చేతిలో సంతకం పెట్టిన ఖాళీ కార్డు.

"మొదలెడదామా అమ్మా?" అన్నాడు.

ఆమె ముల్లు ఆగేదాకా చూసింది. రాళ్ళు తట్టలు మార్చి, మళ్ళీ ఆగేదాకా చూసింది. ఆయన నిలబడే ఉన్నాడు. తీగ చుట్టి, సీలు నొక్కి, తొడుగులు తీసి పక్కన పెట్టి, కార్డు అందుకుంది.

అంచు బంటు, ఒక గడి.